అష్టాచెమ్మా యాప్‌లో గవ్వలు వేసేది ఎవరు? ఒక గేమ్ డిజైన్ కేస్ స్టడీ

బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని ఒక చిన్న గేమ్ స్టూడియో నన్ను ఒకే ఒక్క ఫిర్యాదు కోసం పిలిచింది. వాళ్ళు అష్టాచెమ్మాను ఫోన్‌లోకి తెచ్చారు. ఆడేవాళ్ళు దాదాపు అందరూ తెలుగువాళ్ళే. ఇక్కడ పిల్లల దగ్గర ఉంటున్న పెద్దవాళ్ళు, ఊళ్ళో ఉన్న అవ్వతో రాత్రిళ్ళు ఒక ఆట వేసుకునే మనవలు. బొమ్మలు బాగున్నాయన్నారు, తెలుగు బాగుందన్నారు. కానీ ప్లే స్టోర్ రివ్యూల్లో మాత్రం ఒకటే గోల, గవ్వలు మోసమని. "ఎదుటివాళ్ళకే చెమ్మలు పడతాయి." "కంప్యూటర్‌కి ఎప్పుడు కావాలంటే అప్పుడు అష్ట." "డబ్బులు కట్టినోళ్ళకే పడతాయేమో." అసలు ఆ గేమ్‌లో డబ్బు కట్టే వీలే లేదు.

ప్రోగ్రామర్ తన లెక్కలన్నీ ముందే సరిచూసుకుని కూర్చున్నాడు. లక్షల సార్లు గవ్వలు వేయించి ఏది ఎన్నిసార్లు పడిందో తీసిన పట్టిక చూపించాడు. అందులో వంక పెట్టడానికేమీ లేదు. "లెక్క కరెక్టే అన్నా, జనమే నమ్మట్లేదు" అన్నాడు. స్టూడియో యజమానులు నా ముందు పెట్టిన ప్రశ్న ఇది: జనం నమ్మేలా గవ్వల్ని కాస్త వంచేద్దామా, అంటే ఏది ఎన్నిసార్లు పడాలో లోపల మార్చేద్దామా, లేక వంచకుండానే నమ్మించే దారి ఉందా?

ఆట తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. అయిదు అడ్డం, అయిదు నిలువు గళ్ళు, నాలుగు గవ్వలు, మనిషికి నాలుగు కాయలు. నాలుగు గవ్వలూ నోరు పైకి పడితే చెమ్మ, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్ట, అంటే ఎనిమిది. ఈ రెంటిలో ఏది పడినా మళ్ళీ వేయొచ్చు. కాయ బయటి వరస చుట్టి, లోపలి వరస తిరిగి, నడిగడిలోకి చేరితే పండినట్టు. గుర్తు వేసిన గడిలో ఉన్న కాయను చంపకూడదు. ఇక మిగతా నియమాలు ఇంటికో రకం. ఒక కాయనైనా చంపందే లోపలి వరసకు పోకూడదని కొందరు, చెమ్మో అష్టో పడందే కాయ పటంలోకి దిగకూడదని కొందరు. ఇదే ఆటను కన్నడవాళ్ళు చౌకాబారా అంటారు, తమిళనాడులో దీని దగ్గరి చుట్టం తాయం. స్టూడియోలో కన్నడ కుర్రాడు ఒకడు మా నియమాలు విన్నప్పుడల్లా "తప్పు సార్" అనేవాడు.

సరైన లెక్కే ఎందుకు అన్యాయంగా కనబడింది

కోడ్‌లో ప్రతి గవ్వకూ నోరు పైకి పడే అవకాశం సగం, బోర్లా పడే అవకాశం సగం. అలాగైతే పదహారింట నాలుగు సార్లు ఒకటి, ఆరు సార్లు రెండు, నాలుగు సార్లు మూడు, ఒకసారి చెమ్మ, ఒకసారి అష్ట. చెమ్మో అష్టో ఏదో ఒకటి పడే అవకాశం ఎనిమిదింట ఒకటి.

ఎనిమిదింట ఒకటి అంటే వినడానికి ఫర్వాలేదనిపిస్తుంది. కాయ దిగాలంటే అదే పడాలన్న నియమం పెట్టుకుని చూస్తే సంగతి వేరు. వరసగా పది సార్లు వేసినా అది పడకుండా పోయే అవకాశం 26 శాతం. నలుగురు ఆడుతుంటే, వాళ్ళలో కనీసం ఒకరు మొదటి పది వంతులూ చేతులు కట్టుకుని కూర్చునే అవకాశం 70 శాతం. నేను ఈ లెక్క తెల్లబోర్డు మీద వేసేసరికి గదిలో మాటలు ఆగిపోయాయి. పది ఆటల్లో ఏడింట్లో ఎవరో ఒకరికి ఆట మొదలే కావట్లేదన్నమాట. ఆ ఒకరే రివ్యూ రాసేది.

ఇంకో సంగతి ఉంది. వరసగా మూడు సార్లు చెమ్మో అష్టో పడటం 512లో ఒక వంతు. ఇంట్లో సంక్రాంతికి నాలుగు ఆటలు ఆడే కుటుంబానికి అది ఏళ్ళ తరబడి చెప్పుకునే ముచ్చట. వేలమంది ఆడే యాప్‌లో రోజూ ఎవరికో ఒకరికి అది పడుతూనే ఉంటుంది, ఎదుట కూర్చున్నవాళ్ళ కడుపు మండుతూనే ఉంటుంది. 1913 ఆగస్టు 18న మాంటే కార్లో కాసినోలో రూలెట్ బంతి, ఎరుపు నలుపు గళ్ళున్న చక్రంలో తిరిగేది, వరసగా 26 సార్లు నలుపు మీదే పడింది. ఇక ఎరుపు రాక తప్పదని పందేలు కాసినవాళ్ళు బోలెడంత పోగొట్టుకున్నారు. యాదృచ్ఛికత అంటే అన్నీ కలగలిసి సమంగా రావడమని మనిషి మనసు అనుకుంటుంది. అసలు యాదృచ్ఛికతలో మాత్రం గుంపులు గుంపులుగానే వస్తాయి.

సంగీతం యాప్‌లవాళ్ళకు ఇది పాత తలనొప్పి. ఐపాడ్‌లో పాటల్ని కలగలిపి వినిపించే షఫుల్‌లో ఒకే గాయకుడి పాటలు వెంటవెంటనే వస్తున్నాయని జనం గోల పెడితే, 2005లో యాపిల్ ఐట్యూన్స్‌లో స్మార్ట్ షఫుల్ పెట్టింది. యాదృచ్ఛికంగా అనిపించడానికి యాదృచ్ఛికతను తగ్గించారు. 2014లో స్పాటిఫై ఇంజినీర్లూ ఇదే పని చేశారు. అప్పటిదాకా నిక్కచ్చిగా కలిపిన జాబితా ఇస్తూ వచ్చి, చివరికి ఒక గాయకుడి పాటల్ని జాబితా పొడవునా దూరదూరంగా పరిచే పద్ధతికి మారారు.

గేముల్లోనూ ఉంది. పైనుంచి పడే ముక్కల్ని పేర్చే ఆట టెట్రిస్. ఇప్పటి టెట్రిస్‌లో ఏడు రకాల ముక్కల్నీ ఒక సంచిలో వేసి కలిపినట్టు ఇస్తారు. సంచి ఖాళీ అయితేనే మళ్ళీ నింపుతారు. అందుకే పొడుగు ముక్క కోసం ఎంత ఎదురుచూసినా మధ్యలో పన్నెండు ముక్కలకు మించి రావు. ఫైర్ ఎంబ్లెమ్ అనే యుద్ధం గేమ్ వాళ్ళు 2002 నుంచి ఇంకో అడుగు ముందుకేశారు. తెర మీద 90 శాతం అని చూపించి, లోపల రెండు సంఖ్యల సగటు తీసి, నిజంగా 98 శాతం సార్లు దెబ్బ తగిలేలా చేశారు. 90 శాతం అంటే తప్పదు అనుకునే ఆటగాడికి తప్పకుండానే చూపించారు. సివిలైజేషన్ గేమ్ రూపకర్త సిడ్ మైయర్ 2010లో గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్ (జీడీసీ) ప్రసంగంలో చెప్పింది కూడా ఇదే బాపతు. మూడుకు ఒకటి బలంతో దిగి ఓడినవాళ్ళు గేమ్ పాడైందనుకుంటారు, అదే తక్కువ బలంతో గెలిస్తే మాత్రం అది తమ తెలివే.

స్టూడియోలో సగంమంది టెట్రిస్ సంచి పెట్టేద్దామన్నారు. పదహారు ఫలితాలు సంచిలో వేస్తే పదహారింటిలో ఒక చెమ్మ, ఒక అష్ట ఖాయం. నేను వద్దన్నాను. కారణాలు రెండు. టెట్రిస్‌లో ఆడేది ఒక్కరే, ఆయనకు ఇచ్చినది ఇంకొకరి నుంచి తీసుకున్నది కాదు. అష్టాచెమ్మాలో నా చెమ్మతో నీ కాయ చస్తుంది. ఒకరి మీద జాలి చూపితే అది ఇంకొకరి మీద అన్యాయం. రెండోది, మా పెద్దవాళ్ళు లెక్కపెడతారు. పేకాటలో పడిన ముక్కల్ని గుర్తుపెట్టుకునేవాళ్ళకు సంచి కనిపెట్టడం ఎంతసేపు? పద్నాలుగు వంతులు గడిచి ఇంకా అష్ట రాలేదంటే, మిగిలిన రెంటిలో ఒకటి అష్టేనని తెలిసిపోతుంది. అప్పుడు అది గవ్వలాట కాకుండా లెక్కలాట అవుతుంది.

మారతహళ్ళి వైపు

ఆట పరీక్షకు స్టూడియో ఆఫీసు వద్దన్నాను. మారతహళ్ళి, మున్నెకొళాల, కుందలహళ్ళి చుట్టూ ఉన్న అపార్ట్‌మెంట్లలో సాయంత్రం కింద బల్లల మీద తెలుగు పెద్దవాళ్ళు దొరకనిదెక్కడ! అనంతపురం, కడప, కర్నూలు నుంచి పిల్లల దగ్గరికి వచ్చి నెలలు గడిపేవాళ్ళు. వాళ్ళ చేతికి ఫోన్ ఇచ్చాం. పక్కనే నేల మీద సుద్దతో పటం గీసి నిజం గవ్వలూ పెట్టాం. రెండూ ఆడమన్నాం.

ఒక అవ్వ, ఇంజినీరింగ్ చదివే మనవడు. ఫోన్ మీద ఆడుతున్నారు. మనవడికి వరసగా చెమ్మలు పడ్డాయి.

"ఏందిరా నాయనా, అన్నీ నీకే పడతాండాయే?"

"నేనేం జేసేది అవ్వా, వేసేది ఫోను గదా."

నాకు కావలసింది ఆ మాటలోనే దొరికింది. పాత డిజైన్‌లో ఒక గుండ్రటి బటన్ ఉండేది. నొక్కగానే గవ్వలు గిర్రున తిరిగి ఆగేవి. నొక్కిన మనిషికీ పడిన గవ్వలకూ మధ్య ఏ సంబంధమూ కనబడదు. నేల మీద ఆడినప్పుడు ఇదే అవ్వ గవ్వల్ని గుప్పిట్లో పట్టి, ఊది, చెమ్మ కావాలంటే మెల్లగా జార్చేది, ఒకటి చాలనుకుంటే ఇంకోలా విసిరేది. పడకపోతే తన చేతిని తిట్టుకునేది. "పొద్దున ఎవరి మొహం చూసినానో" అనేది. ఒక్కసారి కూడా గవ్వల్ని మోసం అనలేదు.

దీని మీద పాత పరిశోధన ఉంది. 1967లో జేమ్స్ హెన్స్‌లిన్ అనే సామాజికశాస్త్రవేత్త క్రాప్స్ అనే పాచికల జూదం ఆడేవాళ్ళను చూసి రాశాడు: చిన్న అంకె కావాలంటే పాచికల్ని నెమ్మదిగా, పెద్దది కావాలంటే గట్టిగా విసిరేవాళ్ళట. 1975లో మనస్తత్వ శాస్త్రవేత్త ఎలెన్ లాంగర్ ప్రయోగంలో లాటరీ టికెట్‌ను తామే ఎంచుకున్నవాళ్ళు, దాన్ని తిరిగి అమ్మమంటే చేతికి ఇచ్చిన టికెట్ తీసుకున్నవాళ్ళకన్నా చాలా ఎక్కువ ధర అడిగారు. చెయ్యి పడితే చాలు, ఫలితం మనదైపోతుంది. మంచిదైనా చెడ్డదైనా.

రెండో సంగతి నేను ఊహించనిది. పెద్దవాళ్ళలో ఇద్దరు ముగ్గురు ఒకే మాట అన్నారు: "ఇన్ని అష్టలు ఏడ పడతాయి?" ఫోన్‌లో చెమ్మ, అష్ట సమానంగా పడుతున్నాయి. నేల మీద అలా పడవు. వాళ్ళు తెచ్చిన గవ్వలతో వేసి చూస్తే ఒక్కో గవ్వది ఒక్కో తీరు. వీపు అరిగినవి, చిన్నవి, పెద్దవి. వాళ్ళ గవ్వలు ఎక్కువగా నోరు పైకే పడుతున్నాయి. ఒక్కో గవ్వ నోరు పైకి పడే అవకాశం 60 శాతం అనుకుని లెక్క వేస్తే, చెమ్మ అవకాశం 13 శాతానికి పెరుగుతుంది, అష్టది 2.6కు పడిపోతుంది. అంటే అయిదు రెట్ల తేడా. వాళ్ళ చేతులకు తెలిసిన ఆట అది. మా ప్రోగ్రామర్ న్యాయమనుకుని పెట్టిన సగం-సగం లెక్క నాణెంది, గవ్వది కాదు.

ఏం మార్చాం

గవ్వల లెక్క మొదట మార్చాం. స్టూడియో భయపడుతూ అడిగిన వంచడం ఇదే కదా అంటే, కాదు. ఒకే బల్ల మీద అందరికీ ఒకటే గవ్వలు, అవే అవకాశాలు. ఆట మొదలుపెట్టేటప్పుడు ఏ గవ్వలతో ఆడాలో అందరూ కలిసి ఎంచుకుంటారు. ఒక్కో జతకు ఒక్కో స్వభావం, దాన్ని దాచకుండా అక్కడే రాశాం. మామూలుగా వచ్చే జతకు 60 శాతం లెక్క పెట్టాం. దీనితో అడగకుండానే ఇంకో మేలు జరిగింది. చెమ్మో అష్టో కలిపి పడే అవకాశం 12.5 నుంచి 15.5 శాతానికి పెరిగింది. నలుగురిలో ఒకరైనా పది వంతులు ఖాళీగా కూర్చునే అవకాశం 70 నుంచి 56కు దిగింది. ఇంకా ఎక్కువే. కాయ దిగడానికి ఒకటి పడినా చాలు అన్న నియమాన్ని కూడా ఇంటి నియమాల్లో పెట్టాం, ఎవరిష్టం వారిది.

తర్వాత చెయ్యి. దీని మీదే ఎక్కువ రోజులు గడిచాయి. బటన్ తీసేశాం. గవ్వల మీద వేలు పెట్టి పట్టుకుంటే గుప్పిట్లో గలగలమంటాయి, వేలు తీస్తే పడతాయి. ఫోన్ ఊపితే ఎలా ఉంటుందని కొందరు అడిగారు. పర్పుల్ లైన్ మెట్రోలో ఒక చేత్తో కమ్మీ పట్టుకుని నిలబడ్డవాళ్ళు ఫోన్ ఊపరు, అది పెట్టలేదు.

ఇక్కడ ఒక నైతిక చిక్కు ఉంది. వేలు ఎంతసేపు పట్టినా ఫలితం మారకపోతే, ఈ పట్టుకోవడమంతా నాటకమే కదా? చాలా గేములు ఆ నాటకమే ఆడతాయి. నాకది నచ్చదు. ఆటగాడు తన చెయ్యి అనుకుంటున్నది నిజంగా తన చెయ్యే అయి ఉండాలి. అందుకని వేలు తీసిన క్షణాన్ని మిల్లీసెకన్లలో తీసుకుని, సర్వర్ దగ్గర దాచి ఉంచిన సంఖ్యతో కలిపి, దాని నుంచి గవ్వలు తేల్చాం. సర్వర్ సంఖ్య ఎవరికీ ముందు తెలియదు కాబట్టి క్షణం చూసి వేలు తీసి మోసం చేయలేరు. అవకాశాలూ మారవు. కానీ అరక్షణం ఆగి వదిలి ఉంటే వేరేవి పడేవన్న మాట మాత్రం అక్షరాలా నిజం. అవ్వ "నా చెయ్యి మంచిది కాదు ఈరోజు" అంటే, యాప్ అబద్ధం ఆడించినట్టు కాదు.

సాంకేతికంగా దీనికో ఖర్చుంది. వేలు తీశాకే సర్వర్‌ను అడగాలి, జవాబు రావాలి. పదో వంతు సెకను దాటితే ఆలస్యం తెలుస్తుందని, సెకను దాటితే ఆలోచన తెగుతుందని యూజబిలిటీ నిపుణుడు జాకబ్ నీల్సన్ 1993లో రాసిన హద్దులు మా రంగంలో అందరికీ కంఠతా. మేము చేసిందేమిటంటే, వేలు తీయగానే గవ్వలు గాల్లోకి లేస్తాయి, అది వెంటనే. నేల తాకేలోపు జవాబు వచ్చేస్తుంది. నెట్ మందగిస్తే గవ్వలు కాస్త ఎక్కువ దొర్లుతాయి. తిరిగే చక్రం గుర్తు ఎక్కడా కనబడదు.

దొర్లడం అన్నాను కాబట్టి ఒక మాట. మూడు గవ్వలు నోరు పైకి ఆగి, నాలుగోది ఊగిసలాడి, చివరికి బోర్లా పడటం గుండె ఝల్లుమనిపించే దృశ్యం. యానిమేషన్ చేసే అమ్మాయి దీన్ని చాలా అందంగా చేసింది. మూడు పడిన ప్రతిసారీ దీన్నే చూపిద్దామని సలహా వచ్చింది. నాణేలు మింగే స్లాట్ మెషిన్లు బతికేది ఈ కొద్దిలో తప్పిపోయే దృశ్యం మీదే, అది మనిషిని కుర్చీలోంచి లేవనివ్వదు. నేను ఒప్పుకోలేదు. గవ్వలు ఏ వరసలో ఆగాలో పడిన తీరును బట్టే ఉంటుంది. ఊగిసలాట అప్పుడప్పుడూ వస్తుంది, వస్తే చెమ్మ వైపూ పోవచ్చు. ఎవరినీ ఊరించడానికి వాడం.

వేచి ఉండే మనిషి సంగతి ఇంకా మిగిలే ఉంది. నేల మీద పది వంతులు కాయ దిగని మనిషి ఊరికే కూర్చోడు. పక్కవాళ్ళ గళ్ళు లెక్కపెడతాడు, "ఏయ్, అయిదు జరిపినావు" అని పట్టుకుంటాడు, వెక్కిరిస్తాడు, టీ పెట్టమంటాడు. ఆట అతన్ని బయట పెట్టినా ముచ్చట లోపలే ఉంచుతుంది. ఫోన్‌లో అతనికి మిగిలేది చూస్తూ ఉండటమే. అందుకని కాయలు వాటంతటవే జరగడం ఆపేశాం. ఆడే మనిషి వేలితో ఒక్కో గడీ జరపాలి. తప్పు జరిపితే ఎదుటివాళ్ళు పట్టుకోవచ్చు. పట్టుకుంటే కాయ వెనక్కి. ప్రోగ్రామర్‌కు ఇది అస్సలు నచ్చలేదు. తప్పును కంప్యూటర్ ఆపగలిగినప్పుడు ఎందుకు జరగనివ్వాలి అని వాదించాడు. అతని వాదన సబబే. అయినా అపార్ట్‌మెంట్ బల్లల దగ్గర అందరికన్నా గట్టిగా నవ్వింది ఇక్కడే, అదీ కాయ దిగనివాళ్ళే. ఆడుతూ మాట్లాడుకునే వాయిస్ సౌకర్యం కూడా ఇచ్చాం. ఊళ్ళోవాళ్ళతో ఆడేటప్పుడు ఆట సగం, కబుర్లు సగం.

పెట్టి తీసేసినవీ ఉన్నాయి. ఆట చివర ఎవరికి ఎన్ని చెమ్మలు, ఎన్ని అష్టలు పడ్డాయో పట్టిక చూపిస్తే అనుమానం తీరుతుందని స్టూడియో ఆశ. పొరపాటున కూడా తీరలేదు. ఓడినవాళ్ళకు అది సాక్ష్యం అయింది. "చూడు, నీకు ఏడు, నాకు రెండు" అని గొడవ మళ్ళీ మొదటికొచ్చింది. మనస్తత్వ శాస్త్రవేత్తలు కానెమన్, ట్వెర్‌స్కీ 1979లో చూపించినట్టు పోయినది వచ్చినదానికన్నా బరువు. పట్టికలో అంకెలు సమంగా ఉన్నా చదివే మనసు సమంగా ఉండదు. దాని బదులు ఆట జరుగుతున్నంతసేపూ పటం పక్కన అందరి చివరి కొన్ని గవ్వలూ కనబడేలా చిన్న వరస ఉంచాం. ఎవరికైనా "అన్నీ వాడికే" అనిపించినప్పుడు కళ్ళు అటు పోతాయి.

సర్వర్ దాచిన సంఖ్యను మధ్యలో మార్చలేదని గణితంతో రుజువు చేసే పద్ధతులున్నాయి. అంకెలూ అక్షరాలూ కలిసిన పొడుగాటి ముద్ర ఒకటి ఆటకు ముందు చూపించి, తర్వాత సరిచూసుకోమంటారు. ఆలోచించాం, వదిలేశాం. ఆ ముద్ర చూస్తే మా ఆటగాళ్ళలో ఎక్కువమందికి అనుమానం కొత్తగా పుడుతుంది.

డబ్బు మాట

2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన చట్టంతో డబ్బు పందెంతో ఆడే ఆన్‌లైన్ ఆటలు దేశమంతటా నిషేధం అయ్యాయి. ఈ యాప్‌లో పందెం ఎప్పుడూ లేదు కాబట్టి దానికి భయం లేదు. కానీ స్టూడియో బతకాలి. గవ్వలకు రంగులు, కొత్త పటాలు అమ్ముదామన్నారు, సరే. ఆ జాబితాలో "లక్కీ గవ్వలు" అని ఒకటి ఉంది, చూడ్డానికి బంగారు రంగు, పనిలో మామూలువే. ఆ పేరు కొట్టేయమన్నాను. గవ్వల్ని నమ్మండి అని ఒక చేత్తో చెప్తూ, ఇంకో చేత్తో అదృష్టం అమ్మితే మొదటి చేతిని ఎవరు నమ్ముతారు? కొంత వాదన జరిగింది. ఇప్పుడు ఆ జతలకు ఊళ్ళ పేర్లున్నాయి, వాటిలో బాగా అమ్ముడుపోయేది కూడా ఆ బంగారు రంగుదేనట.

మార్పుల తర్వాత రివ్యూల భాష మారింది. మోసం అన్న మాట పూర్తిగా పోలేదు, పోదు కూడా. కానీ ఎక్కువగా కనబడేవి వేరే రకం: మా ఇంట్లో ఈ నియమం ఉండదు, తప్పు జరిపిన కాయను పట్టుకునే సమయం చాలట్లేదు, గలగల శబ్దం ఇత్తడి గిన్నెలో వేసినట్టుంది మార్చండి. ఇవి ఆటను తమదనుకున్నవాళ్ళ ఫిర్యాదులు, నాకు ఇష్టమైన రకం.

ఒక చోట మాత్రం గవ్వల్ని నిజంగానే వంచాం. ఒంటరిగా కంప్యూటర్‌తో ఆడేటప్పుడు. ఎదుట మనిషి లేడు, కాబట్టి ఎవరి నుంచీ ఏదీ లాక్కున్నట్టు కాదు. కంప్యూటర్‌కు వరసగా మూడు చెమ్మలు పడవు. మనిషి కాయ నడిగడికి ఒక్క గడి దూరంలో ఉన్నప్పుడు దాన్ని చంపే అంకె కంప్యూటర్‌కు తక్కువగా పడుతుంది. ఈ సంగతి సెట్టింగుల్లో "కంప్యూటర్ కాస్త నెమ్మది" అని రాసి ఉంచాం, తీసేసుకునే వీలూ ఇచ్చాం. తీసేసినవాళ్ళలో ఒక పెద్దాయన స్టూడియోకు రాశాడు, కంప్యూటర్ ఇప్పుడు మోసం చేస్తోందని. నిజానికి కంప్యూటర్‌తో ఆడే ఆటలో గవ్వలకు వంపు లేనిది ఆ ఒక్క అమరికలోనే. ఆయనకు ఏం జవాబు రాయాలన్నది స్టూడియోకే వదిలేశాను.